గోడ గడియారం కోడిగుడ్డులా కనిపిస్తోందా? ఇంటి వీడియోల డీవీడీ చిక్కులు

సికింద్రాబాద్‌లో జరిగిన మా అక్క పెళ్ళి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, డీవీడీ రాసి, వాళ్ళింటి టీవీలో పెట్టాను. "అప్పట్లో నేనింత లావుగా ఉన్నానా?" అని బావగారు దిగులుపడ్డారు. లావైంది ఆయన కాదు, బొమ్మ. ఆ సంగతి తెలుసుకునేలోపు నాలుగు డిస్కులు పాడుచేశాను.

మన దేశంలో వాడే పాల్ (PAL) అనే టీవీ ప్రమాణం డీవీడీలో బొమ్మ కొలత మామూలుగా 720×576 చుక్కలు (పిక్సెళ్ళు). పాత టీవీల 4:3 వీడియోకైనా, వెడల్పాటి 16:9 వీడియోకైనా అవే చుక్కలు. 720ని 576తో భాగిస్తే 1.25 వస్తుంది. అది 4:3 కాదు, 16:9 అంతకన్నా కాదు. అంటే డీవీడీ చుక్కలు చతురస్రాలు కావు. చూపించేటప్పుడు వాటిని ఎంత సాగదీయాలో చెప్పే చిన్న గుర్తు డిస్క్‌లోనే ఉంటుంది. ఆ గుర్తు తప్పైనా, దాన్ని టీవీ పట్టించుకోకపోయినా మనుషుల ఆకారం మారిపోతుంది.

అందుకే కొత్త డిస్క్ రాసే ముందు వీడియోలో గుండ్రటి వస్తువును వెతకండి. ఫంక్షన్ హాల్ గోడ గడియారం, పక్కనుంచి కనిపించే కారు చక్రం, దూరం నుంచి నేరుగా తీసిన చార్మినార్ గడియారం, ఏదైనా సరే. తలంబ్రాల పళ్ళేన్ని మాత్రం నమ్మకండి, ఏటవాలుగా చూస్తే అది ఎలాగూ కోలగానే ఉంటుంది. తర్వాత ఆకారం తప్పిన డిస్క్‌ను కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌తో చూడండి. అక్కడ గుండ్రంగా ఉంటే తప్పు టీవీదో ప్లేయర్‌దో. అక్కడా కోలగా ఉంటే తప్పు డిస్క్‌దే.

మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తే

4:3 బొమ్మను 16:9 తెర నిండా లాగారన్నమాట. వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. ముందు టీవీ రిమోట్‌లో బొమ్మ సైజు మార్చే మీట నొక్కి 4:3 ఎంచుకోండి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. "తెర నిండలేదు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, వినకండి. ప్లేయర్ సెటప్ మెనూలో టీవీ రకం 16:9 అనే ఉండాలి. కొన్ని ప్లేయర్లు 4:3 డిస్క్‌కు పక్క పట్టీలు తామే వేస్తాయి, కొన్ని వేయవు. బావగారి విషయంలో తప్పంతా ఆ రిమోట్ మీటదే.

మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తే

16:9లో తీసిన వీడియోకు 4:3 గుర్తు పడింది. డిస్క్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఆ అమరిక చూడకుండా ముందుకు వెళ్ళినప్పుడు జరిగే పొరపాటిది. దీనికి వీడియోనంతా మళ్ళీ మార్చనక్కర్లేదు. డిస్క్‌లోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఐఫోఎడిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో, ఆ గుర్తు ఉండే ఐఎఫ్‌ఓ ఫైలులో 4:3ని 16:9గా మార్చి, కొత్త డిస్క్ రాస్తే చాలు. దాని నకలైన బీయూపీ ఫైలునూ మార్చడం మరవద్దు. ఇదే గుర్తు వీడియో డేటాలో కూడా ఉంటుంది. రెండూ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఒక ప్లేయర్‌లో ఒకలా, ఇంకోదానిలో ఇంకోలా కనిపించవచ్చు. అసలు ఫైలు చేతిలో ఉంటే డీవీడీస్టైలర్ అనే డిస్క్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో 16:9 ఎంచుకుని మొదటినుంచి చేయడమే తేలిక.

నాలుగు వైపులా నల్ల చట్రం ఉంటే

ఇది నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే రకం. 16:9 వీడియోను ఎవరో పైనా కిందా పట్టీలతో 4:3 ఫ్రేములో ఇరికించారు. 576 గీతల్లో బొమ్మకు మిగిలినవి 432. పైన 72, కింద 72 వట్టి నలుపు. దాన్ని వెడల్పు టీవీలో పెడితే పక్కల మరో రెండు పట్టీలు చేరతాయి. ఆ నలుపు బొమ్మలో భాగమైపోయింది కాబట్టి గుర్తు మార్చి లాభం లేదు. అసలు ఫైలుతో 16:9గా మళ్ళీ చేయాలి. అసలు పోయి ఉంటే టీవీ జూమ్‌తో సరిపెట్టుకోండి. బొమ్మ కాస్త మసకబారుతుంది, ముఖాలు మాత్రం సరిగ్గా ఉంటాయి.

ఫోనులో నిలువుగా తీసిన వీడియో అయితే

నిలువు వీడియోను 16:9 ఫ్రేములో పెడితే వెడల్పులో దాదాపు మూడో వంతే నిండుతుంది. 720 చుక్కల్లో బొమ్మకు దక్కేవి సుమారు 228. నింపడానికి సాగదీయకండి, నల్లగా వదిలేయండి. బొమ్మ అడ్డంగా పడుకుని కనిపిస్తే, ఫోను రాసిన తిప్పే సూచనను సాఫ్ట్‌వేర్ చదవలేదని అర్థం. ముందు ఎడిటర్‌లో నిలబెట్టి, కొత్త ఫైలుగా దాచుకుని, అప్పుడు డీవీడీకి పంపండి.

అంచుల్లో పేర్లు తెగిపోతే

కొన్ని టీవీలు బొమ్మ అంచులను కొద్దిగా కోసి చూపిస్తాయి. వధూవరుల పేర్లు, తేదీ వంటివి అంచు నుంచి పదో వంతు లోపలికి జరపండి.

తిరగరాసే వీలున్న డీవీడీ ఆర్‌డబ్ల్యూ డిస్క్ ఒకటి దగ్గర ఉంచుకోండి. గడియారం కనిపించే ఒక్క నిమిషం ముక్కను దానిమీద రాసి, ఆ డిస్క్ ఎవరింట్లో ఆడాలో వాళ్ళ టీవీలోనే పెట్టి చూడండి. నేను మా ఇంటి టీవీలో చూసి తృప్తిపడి అక్క ఇంటికి వెళ్ళాను.