ఎంత మెమరీ కావాలో ముందే తెలియనప్పుడు: సీలో మాలాక్, కాలాక్, రీఅలాక్, ఫ్రీ వాడే పద్ధతి

సీ నేర్చుకునేవాళ్లు చాలామంది అర్రేల దగ్గర హాయిగా ఉండి, డైనమిక్ మెమరీ ఎలొకేషన్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ అడిగి తీసుకోవడం) అనగానే టెన్షన్ పడతారు. పరీక్షలో "మాలాక్‌కీ కాలాక్‌కీ తేడాలు రాయుము" అని అడుగుతారు కాబట్టి ఆ టేబుల్ బట్టీ పట్టి వదిలేస్తారు. నిజానికి ఇక్కడ కష్టమైనది ఆ తేడా కాదు, రీఅలాక్. దాన్ని సరిగ్గా వాడటం వస్తే మిగతావన్నీ వచ్చినట్టే, అందుకే ఎక్కువసేపు అక్కడే ఆగుతాను.

ఒకే ప్రోగ్రామ్ పట్టుకుని వెళ్దాం. ఒక టెక్స్ట్ ఫైల్‌లో లైనుకొక పేరు ఉంది. ఎన్ని పేర్లో తెలీదు, ఒక్కో పేరు ఎంత పొడవో తెలీదు. అన్నీ చదివి మెమరీలో పెట్టుకోవాలి. వంద పేర్లకి అర్రే పెడితే నూట ఒకటో పేరు దగ్గర మెమరీ పాడవుతుంది, పోనీ అని ఫంక్షన్ లోపల కోటి గదుల అర్రే పెడితే స్టాక్ (ఫంక్షన్ల లోపలి వేరియబుల్స్ ఉండే మెమరీ) నిండి ప్రోగ్రామ్ కూలిపోతుంది. లినక్స్‌లో స్టాక్‌కి మామూలుగా ఇచ్చేది 8 ఎంబీయే. కాబట్టి హీప్ (మనమే అడిగి తీసుకుని, మనమే వదలాల్సిన మెమరీ) నుంచి, కావాల్సినప్పుడు కావాల్సినంత అడగాలి. (కోడ్‌ని పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులోకి మార్చుకోండి.)

ముందు మాలాక్. దీనికి టైపులు తెలీవు, బైట్లే తెలుసు. ఇన్ని బైట్లు కావాలి అంటే ఆ జాగా మొదటి అడ్రస్ ఇస్తుంది, దొరక్కపోతే నల్ (ఏ జాగానీ చూపని పాయింటర్) ఇస్తుంది. హెడర్ ఫైల్ ఎస్‌టీడీలిబ్. కింద జాబితా అంటే పేర్ల అడ్రస్‌లు పెట్టుకునే గదుల వరుసని చూపే పాయింటర్, మొదట 16 గదులు అడుగుతున్నాం.

జాబితా = మాలాక్(16 * సైజాఫ్ *జాబితా);

ఇక్కడ సైజాఫ్ పక్కన టైపు పేరు రాయకుండా పాయింటర్ పేరే రాశాను చూడండి. రేపు టైపు మార్చినా ఈ లైను ముట్టుకోనక్కర్లేదు. సైజాఫ్ వద్దు, ఇంట్ అంటే 2 బైట్లే కదా అని అంకె వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది టర్బో సీ అనే పాత కంపైలర్ రోజుల లెక్క. ఈరోజు మీ ల్యాప్‌టాప్‌లో ఇంట్ 4 బైట్లు, 64 బిట్ సిస్టమ్‌లో పాయింటర్ 8 బైట్లు. మాలాక్ ముందు బ్రాకెట్లో టైపు పెట్టి కాస్ట్ చేయడం (ఆ టైపుకి మార్చడం) కూడా అక్కడి నుంచి వచ్చిన అలవాటే: ల్యాబ్‌లో ఫైల్ సీపీపీ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ అయితే అది సీ++గా కంపైల్ అయ్యేది, సీ++కి ఆ కాస్ట్ లేకపోతే ఎర్రర్. సీలో అవసరం లేదు, మాలాక్ ఇచ్చే వాయిడ్ పాయింటర్ (టైపు లేని అడ్రస్) తనంతట తానే మారుతుంది. రాయకండి.

మాలాక్ ఇచ్చిన జాగాలో ఏముంటుందో చెప్పలేం, పాత చెత్త ఉండొచ్చు. అందులో ఏదైనా రాశాకే చదవాలి.

ఇప్పుడు ఒక్కో పేరుకి జాగా. స్ట్రింగ్ పొడవు కొలిచి దానికి ఒకటి కలపాలి, చివర సున్నా బైటు కోసం. ఈ ఒక్క బైటు మర్చిపోతే ప్రోగ్రామ్ చాలాసార్లు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, అదే ప్రమాదం. మన భాషలో పేర్లు ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. "తెలుగు" అనే మాట తెరమీద మూడు అక్షరాలు. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు కోడ్లు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 18. స్ట్రింగ్ పొడవు కొలిచే స్టర్‌లెన్ మీకు 18 అనే చెబుతుంది, మాలాక్‌ని 19 అడగాలి. కంటితో అక్షరాలు లెక్కపెట్టి సైజు వేస్తే ఇక్కడ దెబ్బతింటారు. ఈ కొలవడం, అడగడం, కాపీ చేయడం మూడూ కలిపి స్టర్‌డూప్ అనే ఫంక్షన్ చేసిపెడుతుంది. పోసిక్స్ సిస్టమ్స్‌లో (లినక్స్ లాంటివి) ఎప్పటినుంచో ఉంది, సీ23 వెర్షన్‌తో సీ భాష స్టాండర్డ్‌లోకి కూడా వచ్చింది. అది ఇచ్చిన జాగాని కూడా మీరే ఫ్రీ చేయాలి.

కాలాక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎన్ని, ఒక్కోటి ఎంత అని రెండు అంకెలు తీసుకుని, జాగా మొత్తం సున్నాలు చేసి ఇస్తుంది. టేబుల్‌లో రాయని ఉపయోగం ఇంకోటి ఉంది: మాలాక్‌కి మీరే గుణించి ఇస్తారు, ఆ లబ్ధం పరిధి దాటితే చిన్న అంకెగా తిరిగిపోయి, చిన్న జాగా దొరికి, మీరు పెద్దదనుకుని రాసేస్తారు. ఇప్పటి లైబ్రరీల్లో కాలాక్ ఆ గుణకారాన్ని తనే చెక్ చేసి, దాటితే నల్ ఇస్తుంది. సంఖ్య బయటినుంచి, అంటే ఫైల్ నుంచో నెట్‌వర్క్ నుంచో వస్తుంటే నేను కాలాకే వాడమంటాను.

ఇక రీఅలాక్. పదహారు గదులు నిండాయి, పదిహేడో పేరు వచ్చింది. రీఅలాక్‌కి పాత పాయింటర్, కొత్త సైజు ఇస్తే రెండిట్లో ఒకటి జరుగుతుంది: పక్కన ఖాళీ ఉంటే ఉన్నచోటే పెంచుతుంది, లేకపోతే వేరేచోట పెద్ద జాగా తీసుకుని పాత డేటా అంతా అక్కడికి కాపీ చేసి పాతదాన్ని తనే వదిలేస్తుంది. రెండూ కుదరకపోతే నల్ ఇస్తుంది, పాత జాగా మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. అందరూ జారే చోటు ఇదే. వచ్చిన విలువని నేరుగా "జాబితా"లోనే వేసుకుంటే, నల్ వచ్చిన రోజు పాత అడ్రస్ పోయినట్టే: డేటా మెమరీలోనే ఉంటుంది, దాన్ని చేరే దారి మాత్రం ఉండదు, ఫ్రీ చేయడం కూడా కుదరదు. ఇలా రాయండి:

కొత్తది = రీఅలాక్(జాబితా, కొత్త_కెపాసిటీ * సైజాఫ్ *జాబితా);
ఇఫ్ (కొత్తది == నల్) రిటర్న్ -1;
జాబితా = కొత్తది;
కెపాసిటీ = కొత్త_కెపాసిటీ;

ఎంత పెంచాలి? ఒక్కో గది పెంచుకుంటూ పోతే, ప్రతిసారీ జాగా మారిందనుకోండి, 1024 పేర్లు చేరేసరికి 5,23,776 సార్లు ఒక్కో ఎలిమెంట్ కాపీ అవుతుంది. 16తో మొదలుపెట్టి నిండినప్పుడల్లా రెట్టింపు చేస్తే ఆరుసార్లు రీఅలాక్, మొత్తం 1008 కాపీలు, అంతే. కొంత జాగా ఖాళీగా ఉంటుంది, ఉండనివ్వండి. రెట్టింపు చేసేముందు గుణకారం పరిధి దాటుతుందేమో ఇక్కడా చూసుకోవాలి. ఆ చెక్ లోపలే ఉన్న రీఅలాక్‌అర్రే అనే ఫంక్షన్ ఓపెన్‌బీఎస్‌డీలో పుట్టింది, లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో 2.26 వెర్షన్ నుంచి ఉంది.

జాగా మారొచ్చు అన్నాం కదా, దానివల్ల ఇంకో చిక్కు. మూడో గది అడ్రస్‌ని వేరే పాయింటర్‌లో దాచుకుని, తర్వాత రీఅలాక్ చేస్తే ఆ పాయింటర్ ఇక చెల్లదు. పది పేర్లతో టెస్ట్ చేసినప్పుడు జాగా మారదు కాబట్టి బయటపడదు, పెద్ద ఫైల్ ఇచ్చినప్పుడు పేలుతుంది. పెరిగే జాబితాలోకి అడ్రస్ దాచుకోకండి, మూడో నంబరు అని ఇండెక్స్ దాచుకోండి.

పనికొచ్చే విషయం ఒకటి: రీఅలాక్‌కి పాత పాయింటర్‌గా నల్ ఇస్తే అది మాలాక్‌లాగే పనిచేస్తుంది. కాబట్టి జాబితాని నల్‌తో, కెపాసిటీని సున్నాతో మొదలుపెట్టి, సున్నా ఉంటే 16 లేకపోతే రెట్టింపు అని రాస్తే మొదటి మాలాక్ వేరేగా అక్కర్లేదు. సైజు సున్నా మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి, సీ23 దాన్ని అన్‌డిఫైన్డ్ బిహేవియర్ (ఏం జరుగుతుందో చెప్పలేనిది) అనేసింది. వదిలేయాలంటే ఫ్రీ ఉంది.

ఫ్రీ దగ్గర వరుస ముఖ్యం. ముందు ఒక్కో పేరునీ, ఆ తర్వాత జాబితానీ. జాబితాని ముందే వదిలేస్తే పేర్ల అడ్రస్‌లు చదవడానికి హక్కు ఉండదు. ఫ్రీ చేశాక పాయింటర్ నల్ అయిపోదు, పాత అడ్రస్ అందులోనే ఉంటుంది, మీరే నల్ వేయాలి. అలా వేస్తే పొరపాటున రెండోసారి ఫ్రీ చేసినా నష్టం లేదు, ఎందుకంటే నల్‌ని ఫ్రీ చేస్తే ఏమీ జరగదు. మాలాక్, కాలాక్ లేదా రీఅలాక్ ఇచ్చిన అడ్రస్‌నే ఫ్రీకి ఇవ్వాలి, దాన్ని లూప్‌లో ముందుకు జరిపి ఉంటే మొదటిది వేరే పాయింటర్‌లో పెట్టుకోవాలి. టీమ్‌లో పనిచేస్తుంటే ఏ ఫంక్షన్ తీసుకున్న జాగాని ఎవరు వదలాలో ఫంక్షన్ పైన కామెంట్‌లో రాయండి, లీకులు (వదలకుండా మిగిలిపోయే జాగాలు) ఎక్కువగా "వాళ్లు చేస్తారులే" అనుకున్నచోటే ఉంటాయి.

పేరుతోపాటు దాని పొడవు కూడా ఉంచుకోవాలంటే సీ99 నుంచి చక్కటి దారి ఉంది. స్ట్రక్చర్‌లో చివరి మెంబర్‌గా సైజు లేని అర్రే పెట్టి, మాలాక్‌ని స్ట్రక్చర్ సైజు ప్లస్ పేరు బైట్లు ప్లస్ ఒకటి అడగండి. రెండూ ఒకే జాగాలో వస్తాయి, ఒక్క ఫ్రీతో పోతాయి.

ప్రోగ్రామ్ నడిచింది కదా అని నమ్మకండి, ఎందుకంటే హీప్ తప్పులు జరిగినచోట కాకుండా ఎక్కడో తర్వాత బయటపడతాయి. జీసీసీ లేదా క్లాంగ్ కంపైలర్‌లో అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసి కంపైల్ చేయండి, హైఫన్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్ టు అడ్రస్, దాంతోపాటు హైఫన్ జీ. ఆ మర్చిపోయిన ఒక్క బైటు రాసిన లైనూ, ఆ జాగా మాలాక్ చేసిన లైనూ రెండూ చూపిస్తుంది. వాల్‌గ్రైండ్ అనే ఇంకో సాధనం అయితే మళ్లీ కంపైల్ అక్కర్లేదు, నెమ్మదిగా నడుస్తుంది గానీ చివర్లో ఎన్ని బైట్లు లీక్ అయ్యాయో చెబుతుంది. "డెఫినిట్లీ లాస్ట్" అన్న లైనుతో మొదలుపెట్టండి, లీక్ అయిన జాగాల వివరాలు చూడాలంటే లీక్ చెక్ ఈక్వల్ టు ఫుల్ ఇవ్వండి. ఫంక్షన్ల పేర్లు వచ్చి లైన్ నంబర్లు రాకపోతే హైఫన్ జీ పెట్టలేదని అర్థం, అది పెట్టి మళ్లీ నడపండి.