ఆదివారం బడితో మొదలుపెట్టండి: దక్షిణ కొరియా తిరుగుబాట్లను క్లాసులో చెప్పే పద్ధతి

కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా ఆడపిల్లలకు కొరియా పాటలు కంఠతా వచ్చు. ఆ దేశంలో 1972 నుంచి 1987 దాకా అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు జనానికి లేదని మాత్రం తెలియదు. అందుకే నియంతృత్వం, ప్రజా ఉద్యమాలు అనే అంశానికి నేను ఆ దేశాన్నే తీసుకుంటాను. రెండు పీరియడ్లు పడుతుంది.

అధ్యక్షుల పేర్లు వరసగా రాసి మొదలుపెట్టకండి, క్లాసు నిద్రపోతుంది. 1960 ఫిబ్రవరి 28, ఆదివారం, తేగు నగరం అని రాయండి. ఆ రోజు ప్రతిపక్ష నాయకుడు చాంగ్ మ్యోన్ సభ ఉంది. పిల్లలు ఆ సభకు పోకూడదని హైస్కూళ్లను ఆదివారం కూడా నడపమన్నారు. ఒక బడిలో పరీక్ష అన్నారు, ఇంకో బడిలో కుందేళ్ల వేట అన్నారు. పిల్లలు బడి వదిలి రోడ్డెక్కారు. పదో తరగతి స్పెషల్ క్లాసులతో ఆదివారాలు పోగొట్టుకునే మా వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

తర్వాత మార్చి 15 ఎన్నికలు. అధ్యక్ష పదవికి ప్రతిపక్ష అభ్యర్థి జబ్బుచేసి ముందే చనిపోయాడు. అప్పటి అధ్యక్షుడు సింగ్మన్ రీ ఒక్కడే మిగిలాడు. అయినా పెద్ద ఎత్తున రిగ్గింగ్ చేశారు. ఇక్కడ ఆగండి. ఎవరో ఒకరు అడుగుతారు: "అదేంది టీచర్, పోటీనే లేకపోతే దొంగ ఓట్లెందుకు?" జవాబు మీరు చెప్పకండి. రీ వయసు 84 అని మాత్రం బోర్డు మీద రాయండి. సర్పంచ్ ఏకగ్రీవమైన ఊళ్లో ఉపసర్పంచ్ కుర్చీ కోసం జరిగే తగువు చూసిన పిల్లలు వాళ్లే పట్టుకుంటారు. అసలు పోటీ ఉపాధ్యక్ష పదవికి. ముసలాయన పోతే కుర్చీ తమ మనిషికే రావాలి, ప్రతిపక్షం తరఫున గెలిచిన అప్పటి ఉపాధ్యక్షుడు చాంగ్ మ్యోన్‌కు కాదు.

ఎన్నికల రోజునే మాసాన్ రేవు పట్టణంలో జనం తిరగబడ్డారు. హైస్కూల్లో చేరడానికి పరీక్ష రాసేందుకు ఆ ఊరొచ్చిన కిమ్ జు-యుల్ అనే కుర్రాడు ఆ రోజు కనిపించకుండా పోయాడు. ఏప్రిల్ 11న సముద్రంలో శవం దొరికింది, కంట్లో బాష్పవాయువు గుండు దిగి ఉంది. చూసింది ఒక మత్స్యకారుడు. జువ్వలదిన్నె లాంటి మత్స్యకారుల ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు ఇక్కడ బాగా కదిలిపోతారు. ఫొటో చూపించకండి, మాట చాలు. ఏప్రిల్ 19న సియోల్‌లో విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. 25న ప్రొఫెసర్లు కూడా ఊరేగింపు తీశారు. మర్నాడు రీ రాజీనామా ప్రకటించాడు, ఆ తర్వాత హవాయి వెళ్లిపోయాడు.

పిల్లలు చప్పట్లు కొడతారు. చాలామంది టీచర్లు పాఠాన్ని ఇక్కడే ముగిస్తారు. నా ఉద్దేశంలో పాఠం ఇక్కడే మొదలవుతుంది. చార్టు మీద మూడు గడులు గీయించండి: జనానికి చెప్పిన అబద్ధం ఏంటి, ముందు బయటికొచ్చింది ఎవరు, ఆ తర్వాత కుర్చీలో ఎవరు కూర్చున్నారు. 1960 వరసలో మూడో గడి నింపమంటే ముఖాలు మారతాయి. 1961 మే 16న పార్క్ చుంగ్-హీ సైనిక కుట్రతో వచ్చి పద్దెనిమిదేళ్లు ఏలాడు.

1979కి ఐదు నిమిషాలు చాలు. అక్టోబర్‌లో బుసాన్, మాసాన్‌లలో జనం లేచారు. 26న పార్క్‌ను ఆయన గూఢచారి సంస్థ అధిపతే కాల్చి చంపాడు. దీన్ని జనం గెలుపు కింద రాయనివ్వకండి. డిసెంబర్ 12న మరో జనరల్ చున్ దూ-హ్వాన్ సైన్యాన్ని గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు.

మిగిలిన టైమంతా గ్వాంగ్జు నగరానికి ఇవ్వండి. 1980 మే 18న యూనివర్సిటీ గేటు దగ్గర సైనికులు విద్యార్థులను చావబాదారు. దారినపోయే వాళ్లనీ వదల్లేదు. 20న బస్సులు, టాక్సీలు లైట్లు వేసుకుని సైన్యానికి ఎదురుగా వరస కట్టాయి. 21న సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. జనం పోలీసు ఠాణాల నుంచి తుపాకులు తెచ్చుకున్నారు, సైన్యం ఊరి అంచులకు తగ్గింది. 27 తెల్లవారుజామున మళ్లీ వచ్చేదాకా ఊరు జనం చేతిలోనే ఉంది. "కలెక్టరు, పోలీసు లేని ఊరు అన్నిరోజులు ఎట్లా నడుస్తుంది?" అని అడిగి గ్రూపుల్లో రాయించండి. మగపిల్లలు తుపాకుల గురించే రాస్తారు. అన్నం ముద్దలు చేసి పంచిన బజారు ఆడవాళ్లు, రక్తం ఇవ్వడానికి వచ్చిన జనం సంగతి అప్పుడు చెప్పండి. పత్రికలకు సెన్సారు ఉన్నా, జర్మన్ విలేకరి యుర్గెన్ హింజ్‌పీటర్ తీసిన ఫిల్మ్ బయటి ప్రపంచానికి చేరింది. చనిపోయిన వాళ్ల సంఖ్య రాసేటప్పుడు అది ఎవరు వేసిన లెక్కో పక్కన రాయించాలి.

1987కి అబద్ధం గడి భలేగా నిండుతుంది. పోలీసుల చిత్రహింసల్లో పార్క్ జోంగ్-చుల్ అనే విద్యార్థి చనిపోతే, బల్ల మీద ఠపీమని కొట్టగానే కుప్పకూలాడని చెప్పారు. జూన్‌లో టై కట్టుకున్న ఆఫీసు ఉద్యోగులు కూడా రోడ్డెక్కారు. జూన్ 29న పాలక పక్షం ప్రత్యక్ష ఎన్నికకు ఒప్పుకుంది. డిసెంబర్‌లో గెలిచింది మాత్రం చున్ స్నేహితుడు రో టే-వూ, సుమారు 36.6 శాతం ఓట్లతో. కిమ్ అనే పేరున్న ఇద్దరు ప్రతిపక్ష నాయకులు విడివిడిగా నిలబడి సగానికి పైగా ఓట్లు పంచుకున్నారు. అయినా పద్ధతి మారింది. 1996లో చున్, రో ఇద్దరికీ కోర్టు శిక్ష వేసింది. మర్నాటి ఏడాది క్షమాభిక్షతో బయటికొచ్చారు, అదీ రాయించండి.

దూబగుంట సారా ఉద్యమం కూడా తిరుగుబాటే గదా అని మా దగ్గర తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న, దాటేయకండి. 1992లో మన ఆడవాళ్లు సారా వేలంపాటలు ఆపారు, మర్నాటి ఏడాది ప్రభుత్వం సారా నిషేధించింది, ఎందుకంటే దానికి వాళ్ల ఓట్లు కావాలి. కొరియాలో పార్క్ ఇచ్చిన 1974 జనవరి ఆదేశం ప్రకారం రాజ్యాంగాన్ని మార్చమని అడిగినా పదిహేనేళ్ల దాకా జైలు. ఈ తేడా పట్టుకుంటే నియంతృత్వానికి నిర్వచనం బట్టీ పట్టించక్కర్లేదు.

టైము మిగిలితే 2024 డిసెంబర్ 3 రాత్రి సైనిక శాసనం, గంటల్లోనే 190 మంది పార్లమెంటు సభ్యులు దాన్ని ఎత్తేయాలని ఓటేయడం చెప్పండి. హోంవర్క్‌గా, 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా మన ఎమర్జెన్సీలో ఏం విన్నారో, ఏం చూశారో తాతయ్యనో నాయనమ్మనో అడిగి అర పేజీ రాయమంటాను. పార్టీల పేర్లు రాయొద్దని ముందే చెప్పండి, లేదంటే ఇంట్లో గొడవంతా నోట్సులోకి వచ్చేస్తుంది.