మందలో పిడుదుల నివారణ: మందు పశువుకే కాదు, కొట్టానికీ

పిడుదులు కనిపించగానే పశువుకు మందు కొట్టి, అవి రాలిపోగానే పని అయిపోయిందనుకోవడం వల్లనే ఈ బెడద మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. రక్తం నిండిన ఆడ పిడుదు దానంతటదే నేలకు రాలి, గోడ పగుళ్లలోనో గాడి కిందనో దూరి, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు గడ్డిపరకల కొసలకు ఎక్కి, మేత లేకుండానే నెలల తరబడి పశువు కోసం కాచుకుని ఉంటాయి.

వీపు చూసి పిడుదులు లేవని తేల్చకూడదు. చెవి లోపల, గంగడోలు మడతల్లో, పొదుగుకూ తొడకూ మధ్య, తోక మొదట్లో వేళ్లతో తడిమి చూడాలి. బాగా రక్తం తాగినది బూడిదరంగు ఆముదపు గింజలా వేలికి తగులుతుంది. లాటిన్‌లో పిడుదుకూ ఆముదానికీ పేరు ఒకటే కావడం అందుకే. పిల్ల పిడుదులు మాత్రం ఆవగింజ కంటే చిన్నవి కాబట్టి, వెంట్రుకలను పాయలుగా తీసి వెలుతురులో చూడాలి.

పిడుదులు రక్తం పీల్చడం వల్ల పశువు నీరసించి పాలు తగ్గుతాయి; అంతకంటే పెద్ద ముప్పు అవి మోసుకొచ్చే జబ్బులు. వాటిలో ఒకటైన థైలీరియాసిస్‌లో జ్వరం 104 నుంచి 106 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు పోతుంది, భుజం ముందున్న లింఫు గ్రంథి వాచి చేతికి గట్టిగా తగులుతుంది. సంకరజాతి పశువులలో, దూడలలో ఇది ప్రాణాంతకం. దీనికి వాడే బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ తొలిదశలోనే బాగా పనిచేస్తుంది కనుక, గ్రంథి వాపు కనిపించిన రోజే పశువైద్యునికి చూపించాలి. పిడుదులు తెచ్చే మిగతా జబ్బులలో, మూత్రం కాఫీ రంగులో వస్తే బెబీసియోసిస్‌ను, కనురెప్పల లోపలి పొర పాలిపోయి పచ్చబారితే అనాప్లాస్మోసిస్‌ను అనుమానించాలి. రక్తపరీక్షతో జబ్బు ఏదో నిర్ధారణ అవుతుంది.

పిడుదులను చంపే డెల్టామెత్రిన్, అమిట్రాజ్ వంటి పిచికారీ మందులను సీసాపై రాసిన మోతాదులోనే కలపాలి. పొదుపు కోసం పలుచన చేస్తే చావకుండా మిగిలిన పిడుదులు ఆ మందుకు లొంగని సంతతిని పెంచుతాయి. ఈ తప్పును తర్వాత సరిదిద్దడం చాలా కష్టం. పిచికారీకి ముందు పశువుకు నీళ్లు తాగించి, ఎండ లేని వేళ చూసుకుని, పొట్ట కింద, కాళ్ల మధ్య, చెవుల వెనుక కూడా బాగా తడిసేలా మందు కొట్టాలి. ఆరే వరకు పశువు ఒళ్లు నాకకుండా చూడాలి. పాలిచ్చే పశువుకు పశువైద్యుడు చెప్పనిదే పిడుదులకు వాడే మరో మందు ఐవర్‌మెక్టిన్ ఇవ్వకూడదు, అది పాలలోకి చేరుతుంది. మిగిలిన మందునీళ్లను చెరువులో పోస్తే చేపలు చనిపోతాయి.

పిచికారీ చేసిన రోజే కొట్టంలోని పేడను, చెత్తను ఎత్తివేసి, పగుళ్లను పూడ్చి, గోడల అడుగు భాగానికీ మందు కొట్టాలి. పశువులలో ఎక్కువగా కనిపించే ఒక రకం పిడుదు, పిల్లగా ఒంటికి ఎక్కింది మొదలు పెద్దదై రాలే వరకు సుమారు మూడు వారాలు అదే పశువుపై ఉంటుంది. అందువల్ల 21వ రోజు నాటికి మందలోని ప్రతి పశువునూ మళ్లీ తడిమి చూసి, అవసరాన్ని బట్టి రెండో విడత మందు వేయాలి. కొత్తగా కొన్న పశువును పరీక్షించి, మందు వేశాకే మందలో కలపాలి.

చేతికి దొరికిన పిడుదును గోటితో నలపడం ప్రమాదకరం, ఎందుకంటే కొన్ని పిడుదుల రక్తం ద్వారా క్రిమియన్ కాంగో జ్వరం అనే ప్రాణాంతక వైరస్ జబ్బు మనుషులకు సోకుతుంది. తొడుగులు వేసుకుని, చిమటాతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగి, మూతగల సీసాలోని స్పిరిట్‌లో వేయాలి.