ఇంగ్లీషు నవల, ఏజెంటు వేట – 4వ పాఠం: కోత అవ్వకుండా క్వెరీలు పంపకండి

క్వెరీ అంటే మన నవల చూడమని ఏజెంటుకి, అంటే మన తరఫున పుస్తకాన్ని పబ్లిషర్లకి అమ్మిపెట్టేవాళ్ళకి, పెట్టే మెయిల్. పోయిన పాఠంలో 1,30,000 పదాలున్న డ్రాఫ్టుని లక్ష లోపుకి దించమన్నా కదా, చాలామంది ఏం చేశారంటే కంట్రోల్ ఎఫ్ కొట్టి వెరీలు, జస్ట్‌లు, సడన్లీలు ఏరేసి "2,000 తగ్గాయండీ, ఇంక తగ్గట్లేదు" అన్నారు. తగ్గవు మరి. బరువున్నది సీన్లలో.

ఉదాహరణకి హీరో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బయల్దేరుతుంటే వాళ్ళ నాన్న మడత నలిగిపోయిన 500 నోటు తీసి చేతిలో పెడతాడు. బాగుంది. తర్వాత ఫ్లైట్‌లో ఆ నోటు గురించే నాలుగు పేజీలు ఆలోచిస్తాడు, డాలస్‌లో దిగాక రూమ్మేట్‌కి మళ్ళీ అదే చెప్తాడు. సీన్లు మూడు, పని ఒకటే. ఎయిర్‌పోర్టు ఉంచి మిగతా రెండూ లేపేయండి. ఎప్పుడో అద్దె కట్టేరోజు పర్సు తెరిస్తే ఆ నోటు కనపడిందని ఒక్క లైను రాస్తే చాలు.

ఫాంటు, డబుల్ స్పేసింగ్ లాంటివి చెప్పను, తెలిసినవే.

ఇంక నాకు ఒళ్ళు మండే సంగతి. ఒకపక్క కోత నడుస్తుండగానే "ఊరికే పంపి చూద్దాం" అని అమెరికా, యూకే ఏజెంట్లకి క్వెరీలు కొట్టేస్తున్నారు. ఊరికే ఏం కాదండీ. ఒకసారి నో అన్న నవలని ఆ ఏజెంటు మామూలుగా మళ్ళీ చూడరు, చాలా ఏజెన్సీల్లో ఒకరు నో అంటే అందరూ అన్నట్టే లెక్క. "ఇప్పుడు బాగా మార్చాను, ఈ వెర్షన్ చూడండి" అని రెండో మెయిల్ పెడితే పని జరగదు, వాళ్ళే మార్చి పంపమంటే తప్ప. పోనీ క్వెరీతో పంపిన మొదటి పది పేజీలు నచ్చాయనే అనుకుందాం, వెంటనే ఫుల్ మాన్యుస్క్రిప్టు అడుగుతారు, అప్పుడేం పంపుతారు, సగం కోసిందా? నాన్ ఫిక్షన్ అయితే ప్రపోజల్‌తో, అంటే రాయబోయే పుస్తకం ప్లానుతో నడుస్తుంది, మొదటి నవల మాత్రం పూర్తయి ఉండాల్సిందే.

ఏజెంట్ల పేర్లకి క్వెరీట్రాకర్ అనే వెబ్‌సైట్ ఉంది, నేనైతే మన నవల లాంటి పుస్తకాల చివర కృతజ్ఞతల పేజీ చూస్తా, రచయితలు ఏజెంటుకి అక్కడే థాంక్స్ చెప్తారు. ఐదారుగురికి మించి ఒకేసారి పంపను. డబ్బు సంగతి చిన్నదే: పుస్తకం పబ్లిషర్‌కి అమ్ముడయ్యాక మనకొచ్చేదాంట్లో ఏజెంటుకి సాధారణంగా 15 శాతం, విదేశీ హక్కులకి 20. చదవడానికే ఫీజు అడిగారంటే ఇంక మాట్లాడకండి. తెలుగులో రాసేవాళ్ళకి ఈ గోలేం లేదు, నేరుగా పబ్లిషర్ దగ్గరకే వెళ్ళొచ్చు.

ప్రాక్టీసు: నవల మొత్తం, ప్రతి సీనుకీ ఒక లైను, ఆ సీను వల్ల ఏం మారిందో రాయండి. అవును, మొత్తం. ఏమీ రాయలేక ఖాళీగా వదిలేసిన సీన్ల లిస్టు నాకు పంపండి, క్వెరీ లెటర్లు ఇప్పుడొద్దు, అవి 5వ పాఠంలో.