శిలాజమా, ఉత్త రాయా? ఆకారాన్ని చివర్లో చూడండి

రాతి మీద ఆకు బొమ్మ కనబడితే ఫాసిల్ అంటారు, వాగులో నున్నటి గుండ్రాయి దొరికితే డైనోసార్ గుడ్డు అంటారు. మన కళ్లకు తెలిసిన ఆకారాలు వెతుక్కునే అలవాటు ఉంది, అందుకే శిలాజాన్ని గుర్తుపట్టాలంటే ఆకారాన్ని చివరికి వదిలేయాలి. ముందు అది ఏ రాయో చూడండి, ఆ తర్వాత దాని లోపలి అమరిక చూడండి.

ఏ రాయి అన్నదానితోనే చాలావరకు తేలిపోతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో ఉండేది గ్రానైట్. భూమి లోపల కరిగిన శిల చల్లారి గట్టిపడిందది, అందులో ఎముకలు, ఆకులు మిగిలే అవకాశమే లేదు. శిలాజాలు ప్రధానంగా నీటి అడుగున పొరలుపొరలుగా పేరుకున్న సున్నపురాయి, ఇసుకరాయి, బంకమట్టి రాళ్లలో ఉంటాయి. నల్లరాయి, అంటే బసాల్ట్, లావా గట్టిపడి ఏర్పడింది కాబట్టి అందులోనూ దాదాపు ఉండవు. కాకపోతే రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న మట్టి, సున్నపురాయి పొరల్లో ఉండొచ్చు. రాజమండ్రి దగ్గర కాతేరు, గౌరీపట్నం ప్రాంతాల్లో గవ్వలు, ఆల్చిప్పల శిలాజాలు దొరికింది అలాంటి పొరల్లోనే.

ఇక ఎక్కువమందిని పొరబడేలా చేసేది బండ మీది ఫెర్న్ ఆకు బొమ్మ. తాండూరు, షాబాద్ బండల్లాంటి సున్నపురాళ్ల మీద నల్లగానో గోధుమరంగులోనో సన్నటి కొమ్మలు విచ్చుకున్నట్టు కనిపిస్తుంది, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, కానీ అది మొక్క కాదు. రాతి సందుల్లోకి దిగిన నీళ్లలోని మాంగనీస్, ఇనుము అక్కడే పేరుకుని అలా కొమ్మలు వేస్తాయి, దీన్ని డెండ్రైట్ అంటారు. లెన్స్ పెట్టి చూడండి: నిజమైన ఆకుకు నడిమి ఈనె, ఒక క్రమంలో పక్క ఈనెలు, తేలిగ్గా గుర్తుపట్టే అంచు ఉంటాయి. డెండ్రైట్‌కు ఇవేవీ ఉండవు, సాధారణంగా ఏదో ఒక పగులు దగ్గర మొదలై బయటికి పాకుతుంది, రాతి మీద పల్చటి పూతలా ఉంటుంది. వయసు లెక్క చూసినా దొరికిపోతుంది. తాండూరు సున్నపురాయి వయసు 50 కోట్ల ఏళ్ల పైమాటే, నేల మీద మొక్కలు మొదలైంది దాదాపు 47 కోట్ల ఏళ్ల కిందట. ఆ రాయి పుట్టేనాటికి ఫెర్న్ అనేదే లేదు!

దీనికి పూర్తిగా వ్యతిరేకం స్ట్రోమటోలైట్. కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు రాళ్లలో క్యాబేజీని అడ్డంగా కోస్తే కనిపించేలాంటి ఒంపుల పొరలు ఉంటాయి. జీవం అన్న అనుమానమే రాదు, కానీ అవి కోట్లాది ఏళ్ల కిందట నీటి అడుగున సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టినవి, అసలైన శిలాజాలు. నాకు మన ప్రాంతపు శిలాజాల్లో అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే.

గుడ్ల విషయానికొస్తే, గుండ్రంగా ఉండటం ఏ రుజువూ కాదు. మట్టిలో ఖనిజాలు ఒకచోట చుట్టూ గట్టిపడితే గుండ్లు తయారవుతాయి, నల్లరాయి, గ్రానైట్ కూడా అరిగి గుండ్రంగా మారతాయి. 2020లో తమిళనాడు పెరంబలూరు జిల్లాలో బయటపడ్డ పెద్ద గుండ్లను డైనోసార్ గుడ్లని ప్రచారం చేశారు, తీరా అవి అమ్మోనైట్ అనే సముద్రజీవి చుట్టూ గట్టిపడిన గుండ్లు. (మనం పూజించే సాలగ్రామాల్లోని చక్రం కూడా అమ్మోనైట్‌దే.) నిజమైన గుడ్డయితే విరిగిన అంచు దగ్గర మిల్లీమీటర్ల మందంలో పెంకు వేరే పొరగా కనబడాలి, దాని మీద సన్నటి బుడిపెలు, రంధ్రాలు ఉండాలి.

ఎముకకైతే బయట గట్టి పొర, లోపల స్పాంజిలా సన్నటి గదులు వెతకండి. నాలుకకు అంటుకుంటే ఎముకే అంటుంటారు, ఎండిన బంకమట్టి కూడా అంటుకుంటుంది కాబట్టి దాన్ని నమ్మొద్దు. నిజమైన ఎముక ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్‌ను చూడండి, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ అది. చెట్టు శిలాజంలో వార్షిక వలయాలు, వాటికి అడ్డంగా కేంద్రం నుంచి బయటికి వెళ్లే సన్నటి గీతలు, రెండూ కలిసి కనబడితే నమ్మకం పెరుగుతుంది. చారలు మాత్రమే ఉంటే అది మామూలు చారల రాయి అయ్యుండొచ్చు.

నిమ్మరసం పోస్తే బుడగలు వచ్చాయని సంబరపడకండి, సున్నపురాయి ఏదైనా బుడగలొస్తాయి.

నిపుణులు కూడా పొరబడతారు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహలో రాతి మీది ఒక ముద్రను డికిన్సోనియా అనే అతి ప్రాచీన జీవి శిలాజమని 2021లో ప్రకటించారు. తర్వాత ఇంకో బృందం వెళ్లి చూస్తే అది రాతి నుంచి ఊడివస్తోంది, పాత తేనెపట్టు ఆనవాలని 2023లో తేల్చారు. మొదట ప్రకటించిన శాస్త్రవేత్త దాన్ని ఒప్పుకున్నారు కూడా. రాతిలో భాగమా, పైన అంటుకున్నదా అన్నది అందుకే తప్పకుండా చూడాలి.

అనుమానం మిగిలితే పగలగొట్టొద్దు, అక్కడి నుంచి తీయొద్దు. పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి, చుట్టుపక్కల రాతి పొర కూడా పడాలి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకుని దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ విభాగంలోనో, హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫీసులోనో చూపించండి. రాయిని మాత్రమే పట్టుకెళ్తే అది ఏ పొరలోదో ఎవరూ చెప్పలేరు.