స్కైరిమ్ చప్పబడిపోతే నేను మార్చినవి

స్కైరిమ్ అనే వీడియో గేమ్ విసుగెత్తడానికి ముఖ్య కారణం కొత్త క్వెస్టులు (ఆటలో ఇచ్చే పనులు) లేకపోవడం కాదు, ఒకే ఎత్తు ప్రతిచోటా పారడం. నక్కి బాణం వేస్తే మామూలుగానే రెండింతల దెబ్బ. డెడ్లీ ఎయిమ్ అనే పెర్క్ (పాయింట్లు పెట్టి కొనే అదనపు శక్తి) తీసుకుంటే మూడింతలు. ఇక వేరే ఆయుధం పట్టే అవసరమే రాదు.

అందుకే ముందు ఆ దారి మూశాను. స్నీక్ (నక్కడం), ఆర్చరీ (విలువిద్య) నైపుణ్యాలు 100కి చేరాక లెజెండరీ చేస్తే, అంటే మళ్లీ మొదటికి తెస్తే, రెండూ 15కి పడిపోతాయి, పెర్క్ పాయింట్లు తిరిగొస్తాయి. వాటిని జీవుల్ని పిలిచే మాయ అయిన కంజురేషన్‌లోనో రెండు చేతుల కత్తిలోనో పెట్టాలి. సగం సగం పంచితే మళ్లీ విల్లే చేతికొస్తుంది.

రెండోది, సెట్టింగ్స్‌లో గేమ్‌ప్లే కింద సర్వైవల్ మోడ్ (చలి, ఆకలి, అలసట లెక్కలోకొచ్చే పద్ధతి) ఆన్ చేశాను. మ్యాప్‌పై నొక్కి ఎగిరిపోవడం కుదరదు, గాయాలు వాటంతటవే మానవు, నిద్రపోతేనే లెవెల్ పెరుగుతుంది. బాణాలకూ బరువుంటుంది, మోయగల బరువేమో తగ్గుతుంది. సామాను దించకుండా ఆన్ చేస్తే పరుగెత్తలేరు, మెల్లగా నడవాల్సిందే. ముందే ఇంట్లో పెట్టెల్లో సర్దేయండి. ఆటలో వైట్‌రన్ నగరం నుంచి మంచు ప్రాంతంలోని విండ్‌హెల్మ్ నగరానికి వెళ్లాలంటే బండి ఎక్కాలి, లేదా చలికి తట్టుకునే బట్టలు, వేడి సూప్ దగ్గరుంచుకుని నడవాలి. నా లెక్కలో ఆ నడకే అసలు ఆట.

చివరగా, క్వెస్టుల జాబితా ఉండే జర్నల్‌లో ఒక్క క్వెస్ట్‌నే ఆన్‌లో ఉంచండి.