హైదరాబాద్ నుంచి ఖాట్మండుకు సొంత ఎలక్ట్రిక్ కారులో ఎలా వెళ్లాలి?

పశుపతినాథుని దర్శనానికో, ముక్తినాథ్ యాత్రకో తెలుగువారు ఏటా నేపాల్ వెళ్తూనే ఉంటారు. రైల్లో గోరఖ్‌పూర్ వరకు వెళ్లి, అక్కడి నుంచి బస్సో జీపో పట్టుకుని సరిహద్దు దాటడం పాత అలవాటు. అదే ప్రయాణం సొంత ఎలక్ట్రిక్ కారులో చేయవచ్చా అంటే, నిక్షేపంగా చేయవచ్చు. నేపాల్‌లోకి కొత్తగా దిగుమతి అవుతున్న కార్లలో అధిక భాగం ఎలక్ట్రిక్‌వే కాబట్టి అక్కడి ప్రధాన రహదారుల మీద ఛార్జర్లకు కరువు లేదు. అయితే ఒక అలవాటు మార్చుకోవాలి. మన ఊళ్లో తిరిగినట్టు డ్యాష్‌బోర్డు చూపే కిలోమీటర్లను నమ్ముకోకుండా, బ్యాటరీలో ఎన్ని యూనిట్లు ఉన్నాయో, ముందున్న దారికి ఎన్ని యూనిట్లు కావాలో లెక్క వేసుకుంటూ వెళ్లాలి. ఎందుకో ఘాట్ రోడ్డు దగ్గర తెలుస్తుంది.

1. నెల ముందే కాగితాలు చూసుకోండి

మన వాహన బీమా పాలసీ మామూలుగా భారతదేశ సరిహద్దుల వరకే వర్తిస్తుంది. కొంత అదనపు ప్రీమియం కట్టి, నేపాల్‌ను కూడా చేరుస్తూ భౌగోళిక పరిధిని పొడిగించమని బీమా కంపెనీని అడిగి, ఆ మేరకు ఎండార్స్‌మెంట్ రాయించుకోవాలి. చాలామంది వదిలేసేది దీన్నే, దారిలో ఏదైనా జరిగితే ఏడిపించేదీ ఇదే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ సరిహద్దు అవతల పనిచేస్తుందో లేదో కూడా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

వీసా అక్కర్లేదు. పెద్దవాళ్లకు పాస్‌పోర్టు గానీ, ఓటరు గుర్తింపు కార్డు గానీ తప్పనిసరి. ఆధార్ ఒక్కటే చూపిస్తే చెల్లదు. ఆర్‌సీ, డ్రైవింగ్ లైసెన్సు అసలువే వెంట ఉంచుకోవాలి, ఫోన్‌లోని డిజిలాకర్ కాపీ మీద ఆధారపడకూడదు. కారు మీ పేరున కాకుండా తండ్రి పేరునో, కంపెనీ పేరునో ఉంటే, ఫలానా వ్యక్తి నడుపుకుంటూ నేపాల్ తీసుకెళ్లడానికి తమకు అభ్యంతరం లేదని యజమాని సంతకంతో లేఖ పెట్టుకోవడం మంచిది.

2. సరిహద్దు దాకా

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దు సుమారు 1,500 కిలోమీటర్లు. ఈ భాగం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రెండు రాత్రుళ్లు ఆగుతూ మూడు రోజుల్లో వెళ్లడం హాయి. గోరఖ్‌పూర్‌లో మాత్రం బ్యాటరీ నిండుగా చేసుకుని బయల్దేరండి. అక్కడి నుంచి సునౌలీ వంద కిలోమీటర్ల లోపే కాబట్టి, నేపాల్‌లోకి అడుగుపెట్టేసరికి కనీసం సగం మిగిలి ఉంటుంది. అవతల మొదటి ఛార్జర్ పనిచేయకపోయినా, రెండోదాని దాకా కంగారు లేకుండా వెళ్లగలగాలి.

3. భన్సార్ దగ్గర

భన్సార్ అంటే నేపాలీలో కస్టమ్స్. సునౌలీ దాటగానే బెలహియాలో ఆ కార్యాలయం ఉంటుంది. కారు నేపాల్‌లో ఎన్ని రోజులు ఉంటుందో చెప్పి, రోజుకు ఇంత చొప్పున రుసుము కట్టి, చీటీ తీసుకోవాలి. ఫారంలో ఇంజిన్ నంబరు అడిగితే మన కారుకు ఇంజిన్ లేదే అని తికమక పడనక్కర్లేదు, ఆర్‌సీలో ఆ గడిలో ఉన్న మోటారు నంబరే రాయవచ్చు. చీటీలో రాసిన గడువు దాటితే జరిమానా పడుతుంది. కొండ చరియలు విరిగిపడి ఒక రోజు దారిలోనే గడిచిపోవడం ఆ దేశంలో అరుదేమీ కాదు కనుక, అనుకున్నదానికంటే ఒకటి రెండు రోజులు ఎక్కువకే రుసుము కట్టేయండి. రుసుము, షరతులు మారుతుంటాయి కాబట్టి దళారుల మాట వినకుండా నేరుగా కౌంటర్‌లోనే అడగాలి.

నూరు భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, ఇది స్థిరమైన మారకం. మన డబ్బు తీసుకెళ్తే వంద, అంతకు తక్కువ నోట్లు పెట్టుకోవడం మేలు. చాలా దుకాణాల్లో అక్కడి క్యూఆర్ కోడ్‌కు మన యూపీఐతో చెల్లించవచ్చు గానీ, ఛార్జింగ్ యాప్‌ల దగ్గర స్థానిక ఫోన్ నంబరు అవసరం పడుతుంది. అందుకని ఊళ్లోకి వెళ్లకముందే నేపాలీ సిమ్ కార్డు తీసుకోవడం తెలివైన పని. గడియారం కూడా పావుగంట ముందుకు జరపాలి.

4. ఛార్జింగ్ గన్ సరిపోతుందా?

ఇప్పుడు మన దేశంలో అమ్ముతున్న కార్లకు ఫాస్ట్ ఛార్జింగ్ గన్, అంటే ఛార్జర్ నుంచి కారుకు తగిలించే ప్లగ్గు, ఎక్కువగా సీసీఎస్2 రకం. నేపాల్‌లో చైనా నుంచి వచ్చిన వాహనాలు ఎక్కువ కావడంతో ఒకే యంత్రానికి సీసీఎస్2తో పాటు చైనా పద్ధతి జీబీ/టీ గన్ కూడా వేలాడుతుంటుంది. యాప్‌లో స్టేషన్ కనిపించిందంటే మన గన్ ఉన్నట్టే అనుకోకుండా, ఆ స్టేషన్ వివరాలు తెరిచి సీసీఎస్2 అని ఉందో లేదో చూడాలి. వీలైతే ఫోన్ చేసి అడగాలి.

దారి పొడవునా ఛార్జర్లు ఎక్కువగా హోటళ్ల ఆవరణల్లోనే ఉంటాయి. అది సౌకర్యమే కానీ, మధ్యాహ్న భోజనం వేళకు ప్రయాణికులతో నిండిన ఎలక్ట్రిక్ మైక్రోబస్సులు అక్కడికే చేరి వరుస కడతాయి. పదకొండు గంటలకే భోజనం కానిచ్చేస్తే ఆ వరుస బాధ తప్పుతుంది. పైగా అక్కడి దాల్‌భాత్ వేడివేడిగా దొరికే వేళ కూడా అదే.

5. ఘాట్ ఎక్కే లెక్క

బెలహియా నుంచి భైరహవా, బుట్వల్, నారాయణ్‌ఘాట్ వరకు దాదాపుగా తెరాయి మైదానం, మన లెక్కలు మామూలుగానే సాగుతాయి. అసలు పరీక్ష నారాయణ్‌ఘాట్ దాటాక వచ్చే ముగ్లింగ్ తర్వాత మొదలవుతుంది. ముగ్లింగ్ నుంచి ఖాట్మండు సుమారు 110 కిలోమీటర్లు. త్రిశూలి నది పక్కన చాలాసేపు ఎత్తు పెద్దగా తెలియదు. నౌబిసే దాటాక దారి ఒక్కసారిగా ఘాట్ ఎక్కించి ఖాట్మండు లోయలోకి దింపుతుంది. ముగ్లింగ్ కంటే ఆ ఘాట్ శిఖరం దాదాపు 1,200 మీటర్లు ఎత్తు.

మనుషులు, సామాను కలిపి కారు బరువు 1,900 కిలోలు అనుకుందాం. అంత బరువును 1,200 మీటర్లు పైకి ఎత్తడానికే ఆరు యూనిట్ల పైచిలుకు కావాలి, నష్టాలతో కలిపి ఏడు వేసుకోండి. నూరు కిలోమీటర్లకు 15 యూనిట్ల లెక్కన చదును దారి ఖర్చు పదహారున్నర. మొత్తం కలిపితే దాదాపు 24 యూనిట్లు. అంటే 40 యూనిట్ల బ్యాటరీలో అరవై శాతం. ముగ్లింగ్‌లో బ్యాటరీ సగమే ఉన్నా డ్యాష్‌బోర్డు మాత్రం 130 కిలోమీటర్లు వెళ్లవచ్చని ధీమాగా చూపిస్తుంది, దాన్ని నమ్మి బయల్దేరితే ఘాట్ మధ్యలో లారీల వెనక చెమటలు పడతాయి. అక్కడ ఎనభై శాతానికి తగ్గకుండా ఛార్జి చేసుకుని కదలండి. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు చివరి దాకా వానల్లో ఈ దారి కొండచరియలకు పేరుమోసింది కాబట్టి, ప్రయాణం అక్టోబరు, నవంబరు నెలల్లో గానీ, మార్చి, ఏప్రిల్‌లో గానీ పెట్టుకోవడం క్షేమం.

6. రాత్రి హోటల్లో

నేపాల్‌లో కరెంటు మనలాగే 230 వోల్టులు, మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు చాలాచోట్ల పడుతుంది. కారుతో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్‌ను 16 ఆంపియర్ సాకెట్‌లో పెడితే గంటకు మూడు యూనిట్ల చొప్పున రాత్రి పది గంటల్లో ముప్పై యూనిట్లు ఎక్కుతాయి. చిక్కల్లా ఎర్తింగ్‌తోనే. ఒక రాత్రి మేం ఆగిన బసలో ప్లగ్గు పెట్టగానే ఛార్జర్ పెట్టె మీద పచ్చ దీపం బదులు ఎర్ర దీపం మినుకుమినుకుమంది. గదిలోని సాకెట్‌కు ఎర్తు తీగే లేదని, వంటింట్లో గ్రైండర్ పెట్టే సాకెట్‌కు ఉందని తేలేసరికి అర్ధరాత్రి అయింది. అందువల్ల గది అడిగే ముందే సాకెట్ అడగండి, కరెంటుకు విడిగా ఎంతో మాట్లాడుకోండి. ఎర్తు లేని చోట అడ్డదారి అడాప్టర్లతో ఛార్జర్‌ను మభ్యపెట్టే పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అది ప్రాణాలతో చెలగాటం.

7. తిరుగు ప్రయాణం

ఖాట్మండులో బయల్దేరేటప్పుడు బ్యాటరీని నూరు శాతం నింపకండి. నిండిన బ్యాటరీ రీజెన్ శక్తిని, అంటే వేగం తగ్గేటప్పుడు మోటారు తిరిగి పుట్టించే కరెంటును, తీసుకోలేదు, దాంతో దిగుడులో భారమంతా మామూలు బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. 85 శాతంతో బయల్దేరి, రీజెన్‌ను ఎక్కువ స్థాయిలో పెట్టి దిగితే, ఎక్కేటప్పుడు ఖర్చయినదాంట్లో కొంత తిరిగి వచ్చి చేరుతుంది. బెలహియాలో మళ్లీ భన్సార్ దగ్గర ఆగి, కారు వెనక్కి వెళ్లినట్టు చీటీ మీద నమోదు చేయించుకున్నాకే సునౌలీ గేటు దాటండి.